ఘాటీ ఎక్కే గేర్‌బాక్సు ఎంత వేడెక్కుతుంది?

చలికి పేరుబడ్డ మన్యం కొండ ఊరు లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున పికప్ బండి స్టార్ట్ చేసిన డ్రైవరుకు డాష్‌బోర్డు చాలా సంగతులు చెబుతుంది. డీజిలు ఎంతుంది, బ్యాటరీ చార్జవుతోందా లేదా, ఇంజన్ ఆయిలు ప్రెషర్ ఉందా, రేడియేటర్ నీళ్లు ఎంత వేడెక్కాయి, అన్నిటికీ ఏదో ఒక ముల్లో దీపమో ఉంది. మొదటి గేరులో కదిలి రెండో గేరు వేయబోతే కర్రుమని పళ్లు కొరికే ఇనప పెట్టె గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పదు. నీళ్ల ముల్లు మధ్యకు రావడానికి పది నిమిషాలు చాలు. గేర్‌బాక్సులో ఆయిలు అప్పటికీ చలికి బిగుసుకునే ఉంటుంది. అదే బండి మధ్యాహ్నం నర్సీపట్నం నుంచి సరుకు వేసుకుని ఘాటీ ఎక్కి వస్తే ఆ పెట్టె మీద చెయ్యి పెట్టలేం. ఈ రెండింటి మధ్య లోపల ఏం జరిగిందో చెప్పే ముల్లు కంపెనీ పెట్టలేదు.

పెట్టుకుందామన్న ముచ్చట ఎక్కువగా కనిపించేది అమెరికాలో. అక్కడ 1990ల నాటి డాడ్జ్ రామ్ పికప్‌ల మీద ఇప్పటికీ మోజు తగ్గలేదు. వాటిలోని 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను లక్షల మైళ్లు తిరిగినా చెక్కుచెదరదు; దాని వెనకున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సు ముందుగా చేతులెత్తేస్తుంది. అప్పుడు దాన్ని ఊడదీసి, ఎన్‌వి 4500 అనే ఐదు గేర్ల పెట్టెనో, ఎన్‌వి 5600 అనే ఆరు గేర్ల పెట్టెనో బిగిస్తారు. క్లచ్ పెడల్ కొత్తగా వస్తుంది, గేరు రాడ్డు వస్తుంది. పాత ఆటోమేటిక్ కోసం పెట్టుకున్న టెంపరేచర్ మీటరు ఒకటి పని లేకుండా మిగిలిపోతుంది. దాన్ని తీసి పారేయడమా, కొత్త పెట్టెకు కలపడమా అన్నది అక్కడ ప్రతి షెడ్డులోనూ వచ్చే తగవు.

ఆటోమేటిక్‌కు ఆ మీటరు ఎందుకు కావాలో తేలిగ్గానే తెలుస్తుంది. అందులో ఇంజనుకూ గేర్లకూ మధ్య గట్టి బంధం లేదు. టార్క్ కన్వర్టర్ అనే గుండ్రటి డబ్బాలో ఒక రెక్కల చక్రం ఆయిలును విసిరితే, ఆ ఆయిలు తగిలి రెండో చక్రం తిరుగుతుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఊహ ఇది. రెండు చక్రాల వేగం సమానంగా ఉన్నప్పుడు పెద్దగా నష్టం ఉండదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మొదటిది వేగంగా, రెండోది నెమ్మదిగా తిరుగుతాయి. ఆ తేడా అంతా ఆయిలును చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. ఇంజను ఇచ్చిన శక్తిలో ఐదో వంతు అక్కడే కాగిపోవడం వింతేమీ కాదు. బ్రేకు తొక్కి ఎక్సలేటరు నొక్కితే మొత్తం శక్తీ అక్కడే కాగుతుంది. అందుకే ఆటోమేటిక్ ఆయిలుకు విడిగా కూలరు, దానికి గొట్టాలు, జాగ్రత్తపడే యజమాని బండిలో ఒక మీటరు.

మాన్యువల్‌లో ఆ జారుడు లేదు. క్లచ్ పట్టుకున్నాక ఇంజను నుంచి చక్రాల దాకా అంతా పంటికి పన్ను. మరి వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

పళ్ల నుంచే వస్తుంది. రెండు గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ కొంత జారతాయి కూడా. బాగా చెక్కిన గేర్ల జత తనకందిన శక్తిలో ఒకటి, ఒకటిన్నర శాతం వేడికి వదిలేస్తుంది. వెనక చక్రాలు తిరిగే పాత తరహా బండ్లలో నాలుగో గేరు ఎక్కువగా నేరు గేరు. ఇంజను తిప్పిన వేగాన్నే వెనక్కి పంపుతుంది, బరువు ఏ పళ్ల మీదా పడదు. రెండో గేరులో అలా కాదు. శక్తి ముందు షాఫ్టు నుంచి కింద ఉండే లేషాఫ్టుకు ఒకసారి, అక్కడి నుంచి పై షాఫ్టుకు మరోసారి, రెండు జతల పళ్లు దాటి వెళ్లాలి. దానికి బేరింగుల ఒరిపిడి, ఆయిలును గేర్లు చిమ్మే శ్రమ కలుస్తాయి. మొత్తం మీద నూటికి మూడు పాళ్లు పోతాయనుకోవచ్చు. ఘాటీలో బండి ఎక్కువ సేపు ఉండేది రెండో గేరులోనే.

లెక్క వేసి చూస్తే ఈ మూడు శాతం ఎంతో తెలుస్తుంది. నర్సీపట్నం మైదానంలో ఉంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. ఎక్కాల్సింది 900 మీటర్లు అనుకుందాం. సరుకుతో కలిపి మూడు టన్నులు తూగే పికప్‌ను అంత ఎత్తుకు లేపడానికి 26 మెగాజౌళ్ల పైచిలుకు శక్తి కావాలి. టైర్ల ఒరిపిడి, గాలి అడ్డు కలుపుకుంటే 40 దాకా వెళుతుంది. అందులో మూడు శాతం 1.2 మెగాజౌళ్లు. ప్రయాణం గంట సేపనుకుంటే సగటున 330 వాట్ల వేడి గేర్‌బాక్సులో పుడుతున్నట్టు. బట్టల ఇస్త్రీపెట్టె తీసుకునే కరెంటులో సగం కూడా కాదు.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ వేడి పోయే దారి కూడా చూడాలి. గేర్లతో కలిపి 40 కిలోల ఇనుము, రెండు లీటర్ల ఆయిలు ఉన్న పెట్టె ఒక డిగ్రీ వేడెక్కడానికి 22 కిలోజౌళ్లు చాలు. వేడి బయటికి బొత్తిగా పోకపోతే ఆ గంటలో అది 54 డిగ్రీలు పెరుగుతుంది. బయట 25 డిగ్రీలుంటే పైకి చేరేసరికి ఎనభై దగ్గర పడుతుంది. మైదానంలో గంటకు 60 కిలోమీటర్ల గాలి పెట్టె కింద నుంచి కొట్టుకుంటూ పోయి ఆ వేడిని లాగేస్తుంది. ఘాటీలో గంటకు ఇరవై, పాతిక దాటని చోట ఆ గాలి ఉండదు. పైగా ముందు నుంచి ఇంజను వేడి, పక్క నుంచి పొగగొట్టం వేడి. భారీ లారీల గేర్‌బాక్సులు చేసే ఈటన్ ఫుల్లర్ కంపెనీ పుస్తకాల్లో గేర్‌బాక్సు వేడెక్కే కారణాల వరుస ఒకటి ఉంది. గంటకు 20 మైళ్ల లోపు వేగంతో అదే పనిగా నడపడం, ఇంజను ఎక్కువ వేగంతో తిరగడం, గాలి ఆడకపోవడం, పొగగొట్టం దగ్గరగా ఉండడం అందులో ఉన్నాయి. ఆ వరుస రాసినవాళ్ల ముందు లంబసింగి ఘాటీ ఫొటో ఏదో ఉందేమో అనిపిస్తుంది.

అదే కంపెనీ హద్దులు కూడా చెప్పింది. 250 ఫారన్‌హీట్, అంటే సుమారు 120 సెల్సియస్ పైన రోజూ నడపకూడదు. అప్పుడప్పుడూ 149 దాకా పోయినా పెట్టెకు చేటు లేదు, కానీ ఆయిలు ఆయుష్షు తగ్గుతుంది. ఆయిలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవడం పది డిగ్రీలకు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో ఒక మోటు లెక్క. 90 దగ్గర ఎనిమిదేళ్లు నిలిచే ఆయిలు 120 దగ్గర ఏడాదికే నల్లబడుతుందన్న మాట.

ఇక మన కొండల బండ్ల సంగతి. ఆటోమేటిక్ తీసి మాన్యువల్ పెట్టడం ఇక్కడ అరుదు. సరుకు బండ్లన్నీ దాదాపు పుట్టుకతోనే మాన్యువల్. ఇక్కడ మార్చింది ఇంజను. మహీంద్రా విల్లీస్ జీపుల్లో టీ-90 అనే మూడు గేర్ల పెట్టె ఉండేది. మొదటి గేరుకు సింక్రో, అంటే పళ్లు కలిసే ముందు వేగాలు సమం చేసే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగితే గానీ మెత్తగా పడదు. దాని ముందున్నది పెట్రోలు ఇంజను. పెట్రోలు ధర పెరిగాక దేశమంతటా షెడ్లలో ఆ ఇంజన్లు దిగిపోయి డీజిల్ ఇంజన్లు ఎక్కాయి. వేలంలో కొన్న మిలిటరీ జీపులదీ అదే దారి. డీజిల్ ఇంజను తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది, దాని దెబ్బలు పెట్రోలు ఇంజను కంటే మొరటుగా తగులుతాయి. వెనకున్న గేర్‌బాక్సు చాలాచోట్ల పాతదే. ఏ టార్కు కోసం గీసిన పెట్టె, ఏ టార్కు మోస్తోంది అన్న ప్రశ్న అమెరికా షెడ్డులో ఎంత న్యాయమైనదో, ఘాటీ జీపులోనూ అంతే. (ఇంజను మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద రవాణా శాఖ అనుమతి కావాలి. మీటరు బిగించుకోవడానికి ఆ బెడద లేదు.)

ఈ రోడ్డు గురించి ఒక మాట చెప్పుకోకుండా ముందుకు పోవడం కష్టం. నర్సీపట్నం నుంచి చింతపల్లికి కొండల్లో దారి తొలిచేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి వెట్టి చేయించాడు. ఆ కడుపుమంట మన్యం తిరుగుబాటుకు ఒక కారణమని చరిత్రకారులు రాశారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. ఇవాళ చలి చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్లు, కాఫీ బస్తాలతో దిగే పికప్‌లు తిరిగేది ఆ దారి వెంటే. కాఫీ కోతలు, పర్యాటకుల రద్దీ, గడ్డకట్టే చలి మూడూ ఒకే నెలల్లో రావడం ఇక్కడి బండ్లకు పట్టిన పరీక్ష.

దారి వాలుకూ ఆయిలు వేడికీ సంబంధం ఉంది. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణం ప్రకారం మామూలు వాలు నూటికి ఐదు, తప్పనిసరైతే ఆరు, మరీ గత్యంతరం లేని చోట ఏడు. ఏడు శాతం అంటే నాలుగు డిగ్రీల కోణం. ఆ లోపల ఉన్నంత వరకు పెట్టెలో ఆయిలు చేరాల్సిన చోటికే చేరుతుంది. ఈటన్ చెప్పే హద్దు 12 డిగ్రీలు. ఫ్రేములో గేర్‌బాక్సు బిగించిన వాలును, రోడ్డు వాలును కలిపి లెక్క చూడాలి. తారు రోడ్డు వదిలి గూడేలకు ఎక్కే మట్టిదారుల్లో ఐదడుగులకు ఒక అడుగు లేచే చోట్లు ఉంటే, ఆ ఒక్క వాలే 11 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఆయిలు వెనక్కి చేరి, ముందున్న బేరింగు పైకి తేలుతుంది. పక్కనే ఉన్న గేర్లు తడిసి ఉన్నా ఆ బేరింగు పొడిగా తిరగవచ్చు.

ఇప్పుడు చలి. గేరాయిలు పేరులో ఉండే అంకెలు దాని చిక్కదనానికి గుర్తులు. 90 అంటే వంద డిగ్రీల వేడిలో దాని చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. అదే ఆయిలు 40 డిగ్రీల దగ్గర దానికి పది రెట్లు చిక్కగా ఉంటుంది, సున్నా దగ్గరకు వస్తే అంకె వేలల్లోకి వెళుతుంది. 80డబ్ల్యూ, 75డబ్ల్యూ అన్నవి చలి హద్దులు. మైనస్ 26 డిగ్రీల వద్ద ఒకటిన్నర లక్షల సెంటీపాయిజ్ దాటకపోతే 80డబ్ల్యూ. ఆ లక్షన్నర అంకె ఊరికే పెట్టింది కాదు. అంతకంటే చిక్కబడితే ఆయిలు వెనక యాక్సిల్‌లో పినియన్ బేరింగు దాకా పారలేక బేరింగు చెడిపోతున్నట్టు పరీక్షల్లో తేలింది. లంబసింగి చలి ఎంత గొప్పదైనా మైనస్ 26 కాదు కాబట్టి ఇక్కడ 80డబ్ల్యూ 90 పోసిన బండికి బేరింగు భయం లేదు. బాధంతా సింక్రో రింగులతో. గేరు పడే ముందు ఇత్తడి రింగు ఎదుటి కోనును పట్టుకుని వేగం సమం చేయాలి. పట్టుకోవాలంటే మధ్యలోని ఆయిలు పొరను తుడిచేయాలి. రింగు లోపల సన్నటి గాడులు చెక్కేది అందుకే. ఆయిలు గడ్డగా ఉంటే గాడులు తుడవలేవు, రింగు జారుతుంది, పళ్లు కొరుకుతాయి. 1928లో క్యాడిలాక్ కార్లలో మొదటిసారి సింక్రోమెష్ వచ్చాక డ్రైవరు చేతి నేర్పు సగం యంత్రానికి పోయింది. చలి పొద్దున ఆ సగం మళ్లీ డ్రైవరు చేతికే వస్తుంది.

రెండో గేరు పడటం లేదని మరింత చురుకైన ఆయిలు పోద్దామనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. జీఎల్-5 రకం ఆయిలులో గంధకం, భాస్వరం కలిసిన మందు జీఎల్-4లో కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. డిఫరెన్షియల్‌లో క్రౌను పళ్ల మీద పడే ఒత్తిడికి అది కావాలి. పళ్లు వేడెక్కిన చోట గంధకం ఇనుముతో కలిసి పలచటి పొర కట్టి వాటిని కాపాడుతుంది. ఆ గంధకమే ఇత్తడి రింగులను తినేయగలదు, వేడి పెరిగిన కొద్దీ ఇంకా త్వరగా. డిఫరెన్షియల్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలింది కదా అని గేర్‌బాక్సులో పోయడం షెడ్లలో తరచూ జరిగేదే. అప్పుడు వంద డిగ్రీలు మామూలు వందగా ఉండవు.

మీటరు సంగతికొస్తే, బండికి వేడి కొలిచే సాధనం పెట్టడం పాత అలవాటే. 1910లలో కార్ల రేడియేటరు మూత మీద బాయిస్ మోటోమీటర్ అని ఒక గాజు ఉష్ణమాపకం నిలబెట్టేవాళ్లు. డ్రైవరు తన సీట్లోంచే ఎర్రగీత చూసుకునేవాడు. ఇప్పటి మీటర్లు ఎక్కువగా థర్మిస్టర్ మీద నడుస్తాయి. లోహాలు వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడ్‌లో దానికి ఎదురు గుణం చూశాడు. వేడి పెరిగితే అడ్డు తగ్గుతోంది. వందేళ్ల తర్వాత గానీ అది బజారులో దొరికే వస్తువు కాలేదు. గేరాయిల్లో మునిగే ఇత్తడి బుడిపె లోపల ఉన్నది అలాంటి ముక్కే. ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరికే మామూలు రకం 25 డిగ్రీల దగ్గర 10,000 ఓమ్‌లు చూపిస్తే, వంద డిగ్రీల దగ్గర వెయ్యి లోపు చూపిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రకం ముక్క వాడుతుంది. అందుకే ఒక కంపెనీ మీటరుకు మరో కంపెనీ సెన్సరు కలిపితే ముల్లు కదులుతుంది, చూపించే అంకెకు అర్థం మాత్రం ఉండదు.

ఒకే వైరు ఉన్న సెన్సరుకు ఎర్తు దాని మరల గుండానే గేర్‌బాక్సుకు అందాలి. ఆయిలు కారకూడదని మరల నిండా తెల్ల టేపు చుడితే ఎర్తు తెగి ముల్లు చల్లగా పడుకుంటుంది. మీటరు పాడైందని తిరిగిచ్చేవాళ్లలో కొందరి కథ ఇదే అయి ఉంటుంది.

సెన్సరు ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. డ్రైన్ ప్లగ్గు తీసి దాని చోట పెట్టడం అన్నిటికంటే సులువు. ఆయిలు కొంత తగ్గినా అడుగున అది మునిగే ఉంటుంది. కానీ చాలా డ్రైన్ ప్లగ్గులకు చివర అయస్కాంతం ఉంటుంది, ఇనప రజను పట్టుకునేది అదే. దాన్ని వదులుకోవాలి. పెట్టె కింద వేలాడే సెన్సరును మట్టిదారిలో ఒక్క రాయి తన్నినా చాలు, వైరుతో పాటు ఆయిలూ పోతుంది. ఫిల్లర్ ప్లగ్గు దగ్గర పెడితే ఆ భయం లేదు. అయితే ఫిల్లర్ కన్నం ఆయిలు నిండుగా ఉన్నప్పుడు చేరే మట్టానికే ఉంటుంది. ఒక్క అర లీటరు తగ్గితే సెన్సరు గాలిలో తేలుతుంది. లారీ గేర్‌బాక్సులకు, ఎన్‌వి 4500 లాంటి వాటికి పక్కన పీటీఓ మూత ఉంటుంది. టిప్పరు తొట్టి లేపే పంపులు బిగించుకోవడానికి వదిలిన కిటికీ అది. ఆ మూతకు మధ్య ఎత్తులో కన్నం వేసి మరలు కొట్టించి సెన్సరు పెడితే రాళ్లకు అందదు, మామూలు మట్టంలో మునిగి ఉంటుంది, గేర్లు చిమ్మే ఆయిలూ తగులుతుంది. తిరిగే గేరుకు సెన్సరు మొన తగలకుండా లోతు ముందే కొలుచుకోవాలని లేతు దగ్గర కూర్చున్న వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇలా పెట్టిన ముల్లు ఏం చెబుతుంది, ఏం చెప్పదు? దీనికి జవాబు లారీల చరిత్రలో కంటే హెలికాప్టర్ల చరిత్రలో స్పష్టంగా దొరుకుతుంది. హెలికాప్టరులో రెక్కల కిందున్న గేర్‌బాక్సు ఆగితే అన్నీ ఆగినట్టే. అందుకే దానికి ఆయిలు ప్రెషరు మీటరూ వేడి మీటరూ రెండూ ఉంటాయి.

2009 మార్చి 12న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం నుంచి సముద్రంలోని చమురు వేదికలకు 18 మందితో వెళుతున్న సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టరులో గేర్‌బాక్సు ఆయిలు ఫిల్టరును పట్టి ఉంచే టైటానియం స్టడ్లు విరిగాయి. ఆయిలంతా కారిపోయింది, ప్రెషరు పడిపోయింది. పైలట్లు వేడి మీటరు చూశారు. అది పెరగలేదు. ఆయిలు నిజంగా పోయి ఉంటే పెట్టె వేడెక్కాలి కదా, పెరగలేదంటే చెడింది ప్రెషరు పంపో దాని సెన్సరో అయి ఉంటుందని వాళ్లు అనుకున్నారు. నీళ్ల మీద వెంటనే దించకుండా తీరానికి మళ్లించారు. హెచ్చరిక వచ్చిన సుమారు 11 నిమిషాలకు తోక రెక్కను తిప్పే గేరు పళ్లు ఊడిపోయాయి. 17 మంది చనిపోయారు, ఒక్కరు బతికారు. ఆయిలు పోతే దాని వేడి పెరుగుతుందన్న నమ్మకం మీద ఆధారపడటం ఒక కారణమని కెనడా రవాణా భద్రతా మండలి దర్యాప్తులో తేల్చింది. లేని ఆయిలుకు వేడి ఎక్కడిది? పళ్లు కాలిపోతున్నా సెన్సరుకు ఆ సంగతి మోసుకొచ్చే ద్రవం లేదు.

అదే ఏడాది సెప్టెంబరు 2న జరిగింది తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టరు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురూ మరణించారు. ప్రమాదానికి మూలం దట్టమైన మబ్బులు, వాటిలో కిందికి తోసే బలమైన గాలి. కానీ దర్యాప్తు కమిటీ నివేదికలో మరో సంగతి కూడా ఉంది. ట్రాన్స్‌మిషన్ ఆయిలు వ్యవస్థలో వచ్చిన ఒక తేడాను అర్థం చేసుకోవడానికి, దానికి సంబంధించిన పేజీ కోసం పుస్తకంలో వెతకడానికి పైలట్లు ఆరు నిమిషాలకు పైగా మునిగిపోయారు. ఆ లోపం అంత తీవ్రమైనది కూడా కాదని కమిటీ రాసింది. ఒకచోట మీటరు కదలకపోవడం ధైర్యమిచ్చి ముంచితే, మరోచోట ఆయిలు వ్యవస్థలోని తేడా పైలట్ల కళ్లను బయటి వాతావరణం నుంచి లోపలికి లాగింది.

రోడ్డు మీది బండికి ఆకాశంలోని ప్రమాదం లేదు, ఆపి దిగొచ్చు. అయినా ముల్లు లోపాలు అవే. సీలు పగిలి ఆయిలు కారుతూ పోతే, పీటీఓ మూతకు పెట్టిన సెన్సరు మొదట కొంచెం వేడి ఎక్కువ చూపిస్తుంది. మట్టం దాని కిందికి దిగగానే గాలి వేడిని చూపిస్తూ నెమ్మదిస్తుంది. ఘాటీ మధ్యలో, అదే బరువుతో, అదే గేరులో ముల్లు వెనక్కి పడితే సంతోషించే డ్రైవరుకు పెట్టె గురించి సగమే తెలిసినట్టు. బాగా తెలిసినవాడు అక్కడే బండి పక్కకు తీస్తాడు.

దిగేటప్పుడు ఇంకో రకం మౌనం ఉంది. ఎక్కినప్పుడు పెట్టిన 26 మెగాజౌళ్లు దిగేటప్పుడు తిరిగి వస్తాయి. అంతా బ్రేకుల మీదే వేస్తే, నాలుగు చక్రాల దగ్గరా కలిపి 60 కిలోల ఇనుము ఉందనుకున్నా, గాలికి పోయేది వదిలేస్తే అది 950 డిగ్రీలు పెరగాలి. అందుకే రెండో గేరులో పెట్టి ఇంజను చేత పట్టించడం. అప్పుడు గేరు పళ్ల రెండో వైపు బరువు మోస్తుంది, గేర్‌బాక్సు కొంత వేడెక్కుతుంది, ముల్లు దాన్ని చూపిస్తుంది. డీజిలు మిగులుతుందని కొందరు న్యూట్రల్ చేసి, ఇంజను కూడా ఆపేసి జారుతారు. బ్రేకుకు వచ్చే ముప్పు అందరికీ తెలిసిందే, గేర్‌బాక్సుకు వచ్చేది తెలిసింది తక్కువ. చాలా పెట్టెల్లో ఆయిలు పైకి చిమ్మేది అడుగున తిరిగే లేషాఫ్టు. ఇంజను ఆగితే అది ఆగుతుంది. పై షాఫ్టు మాత్రం చక్రాలతో పాటు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, ఆయిలు చుక్క అందకుండా. వెనక చక్రాలు నేల మీద ఉంచి బండిని దూరం లాక్కెళ్లొద్దని, తప్పదంటే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పమని కంపెనీలు చెప్పేది ఇందుకే. ఈ జారుడు మొత్తంలో అడుగున ఆయిలు కదలకుండా చల్లగా ఉంటుంది. పైన బేరింగు నీలమెక్కుతున్నా ముల్లు చల్లని అంకెనే చూపిస్తుంది.

కొన్ని జబ్బులు వేడితో బయటపడవు. పైన చెప్పిన ఎన్‌వి 4500కే ఒక పేరుమోసిన లోపం ఉంది. కమిన్స్ ఇంజను దెబ్బలకు మెయిన్ షాఫ్టు వెనక ఐదో గేరును పట్టే నట్టు వదులై గేరు వెనక్కి జరుగుతుంది, ఐదో గేరు పోతుంది. మిగతా నాలుగూ భేషుగ్గా నడుస్తాయి. మీటరుకు ఆ నట్టు గురించి ఏమీ తెలియదు.

ఇన్ని లోపాలున్నా ఆ ముల్లు పనికొచ్చేదే. అందరికీ చెల్లే అంకె కోసం వెతికితే అది ఎవరికీ పనికిరాదు. ఈ బండికి, ఈ సెన్సరు చోటుకు, ఈ ఘాటీకి మామూలు ఎంతో తెలియాలి. ఖాళీ బండి లంబసింగి చేరేసరికి ఎంత, నిండు బండి చేరేసరికి ఎంత, జనవరిలో ఎంత, మేలో ఎంత అని పెట్టెలోని ఆయిలు కొత్తగా, మట్టం నిండుగా ఉన్నప్పుడే రాసిపెట్టుకుంటే, తర్వాత పది, పదిహేను డిగ్రీల తేడా వచ్చిన రోజు దానికి అర్థం ఉంటుంది. పెరిగితే ఆయిలు తగ్గి ఉండొచ్చు, పాడై ఉండొచ్చు, బేరింగు ఒకటి అరుగుతుండొచ్చు, బరువు ఎక్కువై ఉండొచ్చు. తగ్గితే సెన్సరు గాలిలో ఉందేమో చూడాలి. పొద్దున పూట ముల్లు ముప్పై, నలభై దాటేదాకా గేరు నెమ్మదిగా వేయడం సింక్రో రింగులకు మేలు.

ఈ మీటరు లేని బండ్లలో, ఉన్న బండ్లలో కూడా, తుది పరీక్ష ఒక్కటే. బండిని చదునైన చోట ఆపి, కాసేపు చల్లారనిచ్చి, ఫిల్లర్ ప్లగ్గు విప్పి చిటికెన వేలు లోపలికి పెట్టి కిందికి వంచుతారు. వేలి చివర ఆయిలు తగలాలి. వేలికంటిన చుక్కను వెలుతురులో చూస్తారు. సన్నటి బూడిదరంగు మెరుపు అరుగుదల, కంటికి కనిపించే ఇనప తునక అయితే పెట్టె విప్పాల్సిందే, పసుపు పచ్చని మెరుపు అయితే ఇత్తడి రింగులు. మాడిన వాసన వస్తే మొత్తం ఆయిలు దించేసి, డ్రైన్ ప్లగ్గు చివర అయస్కాంతం మీద పేరుకున్నది తుడిచి, జీఎల్-4 పోసి, కన్నం అంచు దాకా నింపి బిగిస్తారు.